కొబ్బరినూనె ఒలికింది, కొంప మునగలేదు

చెల్లీ, పరాయి దేశంలో ఉన్నప్పుడు హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే పాస్‌పోర్టు తగలాలి, అప్పుడుగానీ మనకి ఊపిరాడదు కదా? పది నిమిషాలకోసారి తడిమి చూసుకుంటూనే ఉంటాం. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. అక్కడ మన ఊరూ పేరూ తిరుగుదారీ అన్నీ ఆ చిన్న నీలం పుస్తకమే. మరి అదే తడిసిపోతే, చిరిగిపోతే?

నాకు జరిగింది చెబుతాను, టీ తాగుతూ విను. మా పెద్దమ్మాయి రెండో పురిటికి డాలస్ వెళ్లాను. జనవరి నెల. తలకి రాసుకునే కొబ్బరినూనె చిన్న సీసాలో పోసి హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకున్నాను. ఆ చలికి అది పేరుకుని తెల్లటి ముద్దయింది. పేరుకున్న నూనె ఎక్కడికి పోతుందిలే అని మూత గట్టిగా బిగించలేదు. ఆసుపత్రికి వెళుతూ బ్యాగు కారులో కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. హీటరు గాలి సరిగ్గా అక్కడికే వస్తుంది. ఇంటికొచ్చి చూద్దును కదా, పాస్‌పోర్టు అట్టంతా జిడ్డు. లోపలి కాగితాలు గారెలు వేసిన పేపరులా పల్చబడి, వెనక అక్షరాలు ఇటు కనబడుతున్నాయి. పాత స్టాంపుల సిరా అలుక్కుపోయింది.

చీర మీద నూనె పడితే మనం ఏం చేస్తాం? అదే చేశాను. పౌడరు చల్లి, పైన టిష్యూ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించాను. జిడ్డు కొంచెం లాగింది గానీ, ఫొటో ఉన్న పేజీ మీది ప్లాస్టిక్ పొర ఓ మూల పొక్కులా ఉబ్బింది. గుండె ఝల్లుమంది. తీసుకెళ్లి చీర మడతల్లో దాచేశాను. పచ్చి బాలింత, అసలే నిద్ర లేదు, ఈ గొడవ కూడా దాని నెత్తిన ఎందుకని. మూడు వారాలమ్మా! ఆ మాట గొంతులో పెట్టుకునే పథ్యం వండాను, పసిదానికి నలుగు పెట్టి నీళ్లు పోశాను. రాత్రి అందరూ పడుకున్నాక సూట్‌కేసు తెరిచి, ఆ పొక్కు పెరిగిందేమో అని వేలితో తడిమి చూసుకునేదాన్ని.

ఆఖరికి ఒకరోజు అల్లుడి ముందు పుస్తకం పెట్టి ఏడ్చేశాను. "అత్తయ్యా, ఇంతేనా! మీ మొహం చూసి ఒంట్లో బాగాలేదేమో, మాకు చెప్పట్లేదేమో అని వారం నుంచి ఇద్దరం భయపడుతున్నాం" అన్నాడు. వాళ్లకి బెంగ వద్దని నేను దాస్తే, అంతకన్నా పెద్ద బెంగ పెట్టానన్నమాట. మనలో చాలామందిమి ఇంతే కదూ? అందుకే చెబుతున్నాను, పాస్‌పోర్టుకి ఏమైనా అయితే ఆ పూటే పక్కనున్నవాళ్లకి చెప్పెయ్. తిరుగు టికెట్టు తేదీ మన మొహమాటం కోసం ఆగదు.

ఇదేమైనా నేరమా అక్కా అంటావేమో. కావాలని దిద్దడం, మార్చడం నేరం. చేతిలోంచి జారి నీళ్లలో పడితే నేరమెందుకవుతుంది? కాకపోతే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఆ పుస్తకం ఎప్పటికీ ప్రభుత్వానిదే. మన దగ్గర ఉంటుందంతే. కాబట్టి సొంత వైద్యం వద్దు. తడిస్తే నీడపట్టున, ఫ్యాను గాలికి ఆరబెట్టు. టేపు వెయ్యకు, గమ్ము పుయ్యకు, నాలా ఇస్త్రీ అసలే చెయ్యకు. మనం బాగుచేశామనుకున్న చోటే చూసేవాళ్లకి అనుమానం పుడుతుంది.

తర్వాత చూడాల్సింది ఏది పాడైందని. నంబరు చదవగలిగేలా ఉందా, పేరు స్పష్టంగా ఉందా, ఫొటో చెడకుండా ఉందా? ఈ మూడూ బాగుంటే కొంచెం పాడైనట్టు లెక్క. లేకపోతే ఇంచుమించు పోగొట్టుకున్నట్టే చూస్తారు, కాగితాలు ఎక్కువ అడుగుతారు. ఫొటో పేజీ అడుగున గొలుసుకట్టులా రెండు వరుసల అక్షరాలుంటాయి చూడు, మెషీన్ చదివేది వాటినే. అవి చెదిరితే విమానం ఎక్కేటప్పుడే ఆపేయొచ్చు. సరైన పత్రాల్లేని మనిషిని తీసుకెళ్తే విమాన సంస్థకే జరిమానా పడుతుంది, వాళ్ల భయం వాళ్లది. ఈ మధ్య వస్తున్న ఈ-పాస్‌పోర్టులో చిప్పు కూడా ఉంటుంది, దాన్ని వంచకూడదు, పిన్ను కొట్టకూడదు.

ఇక పని. చాలా దేశాల్లో మన రాయబార కార్యాలయమో, కాన్సులేటో ఉంటుంది. టెక్సస్ వాళ్లకి హ్యూస్టన్ కాన్సులేట్. పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైట్‌లో విదేశాల్లో ఉన్నవాళ్లకి వేరే విభాగం ఉంది. అందులో రీ-ఇష్యూ అని, కారణం పాడైపోయిందని పెట్టి ఫారం నింపాలి. అమెరికాలో కాగితాలు తీసుకునేది వీఎఫ్ఎస్ గ్లోబల్. పాడైన పుస్తకం ఇవ్వాలి, ఎలా పాడైందో రాసి సంతకం పెట్టాలి. ఫీజు మామూలుదానికన్నా ఎక్కువే. మన దగ్గరే చూడు, 36 పేజీలదానికి మామూలు రీ-ఇష్యూ 1,500 రూపాయలైతే, పాడైనదానికి 3,000.

మేం హ్యూస్టన్‌కి నాలుగు గంటలు కారులో వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్క పేజీ బొటనవేలితో తిప్పి, పొక్కు దగ్గర ఆగి, "ఇదెలా అయింది?" అంది. నూనె సంగతి చెప్పాను. నోరు పొడారిపోతుండగా ఇస్త్రీ సంగతీ చెప్పాను. "అది కూడా రాసెయ్యండి ఆంటీ" అని కాగితం నావైపు జరిపింది. అంతే! మూడు వారాలు నన్ను నిద్రపోనివ్వని భయం ఆ ఒక్క వాక్యం రాయడంతో తేలిపోయింది.

టికెట్టు దగ్గరపడిందనుకో, లేదా ఇంట్లో పెద్దవాళ్లకి బాగోలేదని కబురొచ్చిందనుకో. అప్పుడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడుగు. ఇండియాకి ఒక్కసారి రావడానికి మాత్రమే పనికొస్తుంది. దారిలో ఇంకో దేశంలో విమానం మారాల్సి ఉంటే, ఆ కాగితంతో ఒప్పుకుంటారో లేదో విమాన సంస్థని ముందే అడుగు. గల్ఫ్‌లో మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దీన్నే. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. చేతిలో డబ్బు లేదని ఆగిపోకండమ్మా. కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది, అది రాయబార కార్యాలయాల చేతుల్లోనే ఉంటుంది. వెళ్లి నోరు తెరిచి అడగండి.

వీసా మాట మర్చిపోయేను. పాత పుస్తకం రద్దు చేశాక వెనక్కి అడిగి తీసుకో. అందులో అమెరికా వీసా చెక్కుచెదరకుండా ఉంటే, గడువు ఉన్నంతవరకు పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని వెళ్లొచ్చు. నా వీసా మీదికి మరక పాకేసింది. వీసా పాడైతే కొత్తది తీసుకోవాల్సిందే, అందుకని మరుసటి ప్రయాణానికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ గుమ్మం మళ్లీ ఎక్కాను. నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే. అయినా అప్పటికప్పుడు అమెరికాలో ఉండటానికి అడ్డేం రాలేదు. అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94, అది ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఒక కాపీ తీసి పెట్టుకో. కొత్త పాస్‌పోర్టు ఆలస్యమై ఆ తేదీ దాటేలా ఉంటే, దాటకముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టించు.

సరే, లే. పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది కదా, పట్టుకురా. మొదటి పేజీకీ, అడ్రసూ అమ్మానాన్నల పేర్లూ ఉన్న చివరి పేజీకీ, వీసాకీ ఫోన్లో ఫొటోలు తీసి నీకో మెయిలు, మీ ఆయనకో మెయిలు పెట్టు. ఫైలు నంబరు చివరి పేజీలోనే ఉంటుంది, మసక లేకుండా రానీ. పుస్తకాన్ని జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టు. నూనె సీసా పెద్ద సూట్‌కేసులోకి, రెండు కవర్లు చుట్టి. ఈలోగా నేను ఇంకో టీ పెడతాను.