నెల దినముల నవలాపఠనము

గత మాసమున పై తరగతి విద్యార్థులతో కలిసి మేము దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లరదేవుళ్లు’ చదివితిమి. 1969లో వెలువడిన ఈ నవల నిజాము పాలననాటి తెలంగాణ పల్లెను, గడీని, వెట్టిని చిత్రించినది. బిలోలియు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక ఇది మనకు పరాయి గాథ కాదు. గడీ యనగా నేమని పిల్లలు ఇండ్లలో ప్రశ్నింపగా తాతలే గురువులైరి.

పాత్రల సంభాషణలు తెలంగాణ పలుకుబడిలో నున్నవి. “ఇది మా అవ్వ మాటనే గద సార్! మరి మా వ్యాసాలల్ల ఎర్రసిరాతోని ఎందుకు కొట్టేస్తరు?” అని యొక బాలిక అడిగినది. మేము నిరుత్తరులమైతిమి. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన మాకు గ్రంథభాషయే తెలుగని యలవాటు. అక్షరదోషములను ఇకముందును దిద్దెదము; అవ్వ మాటలను మాత్రము కొట్టివేయము. వానిని పిల్లలు వేరొక నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నారు. తల్లిదండ్రులు చూచి, విడిచిపోయిన మాటలను చేర్ప ప్రార్థన.