చదివింపుల పుస్తకం, కొట్టు పుస్తకం



మన గోదావరి జిల్లాల్లో పెళ్ళి జరిగితే పందిట్లో ఒక పక్కగా ఒకాయన నోటుపుస్తకం తెరచి కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, మొత్తం రాసుకుంటాడు. దానికి ఎవరూ నొచ్చుకోరు. పదేళ్ళ తర్వాత చదివించినవారి ఇంట పెళ్ళి వస్తే, ఈ ఇంటివారు ఆ పుస్తకం తిరగేసి, తమకు అందినదానికి తగ్గకుండా చదివిస్తారు. బంధుత్వంలో లెక్క ఉండటం తప్పని మన పెద్దలు అనుకోలేదు.

ఆ బంధువే వీధి చివర చిన్న కిరాణా కొట్టు పెడితే మాత్రం పుస్తకం కనిపించదు. బావమరిది నోటిమాట మీద ఇరవై వేలు ఇస్తాడు. ఎప్పటికి తిరిగి ఇవ్వాలో ఇద్దరూ అనుకోరు. భార్య, కూతురు పొద్దస్తమానం కొట్లో కూర్చుంటారు. వారి శ్రమ ఎక్కడా రాసి ఉండదు. పిన్నిగారు బియ్యం, పప్పు పట్టుకెళ్ళి "తర్వాత చూద్దాంలే" అంటారు. "అప్పు రేపు" అని గోడకు తగిలించిన అట్ట పరాయివారికే గాని అయినవారికి కాదు. ఏడాది తిరిగేసరికి కొట్టు మూతపడుతుంది. దానితోపాటు రెండిళ్ళ మధ్య రాకపోకలూ ఆగిపోతాయి.

చిన్న వ్యాపారికి అయినవారి అండ లేనిదే గడవదు. ఆ అండ నిలవాలంటే దానికి లెక్క ఉండాలి. ఈ వారం మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

నరసాపురం లేసు నేర్పే పాఠం

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. నరసాపురం చుట్టుపక్కల గ్రామాల్లో స్త్రీలు ఇంటి అరుగుల మీద కూర్చుని లేసు అల్లడం మనమందరం చూసినదే. 19వ శతాబ్దంలో బ్రిటన్ నుంచి వచ్చిన ప్రొటెస్టంటు మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు ఈ పని నేర్పారు. మొదట్లో ఆ లేసుకు బజారు లేదు. మిషనరీలు దానిని స్వదేశంలోని తమ స్నేహితులకు పంపేవారు. ఆ స్నేహితులు పంపిన సొమ్ముతో ఇక్కడ పని సాగేది. తర్వాత వర్తకులు వచ్చారు, ఎగుమతి పెరిగింది. ఇంత పెద్ద పరిశ్రమకు తొలి గిరాకీ పరిచయస్థుల వల్లనే వచ్చిందని గమనించాలి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో ఈ స్త్రీలపై ఒక పుస్తకం ప్రచురించారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లడం, మరో ఇంట్లో వాటిని కలిపే అతుకుపని, నూలు ఇచ్చి సరుకు తీసుకుపోయే ఏజెంట్లు, పైన ఎగుమతిదారులు - ఈ వరుసంతా ఆమె వివరించారు. ఇంటిపని గాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని కూడా ఇంట్లోవారు, వర్తకులు "గృహిణి" అనే అన్నారు. ఆమె అల్లికను తీరిక వేళల పనిగా లెక్కగట్టారు. అందుకే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది సంతోషించవలసిన విషయం. ఆ సరుకుకు వచ్చిన గౌరవం దానిని అల్లిన చేతులకూ రావాలి. మన ఇంటి కొట్టులో పనిచేసే భార్య, తల్లి, కూతురు విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఇంటివారి శ్రమను లెక్క వేయకుండా లాభం వచ్చిందని చెప్పుకుంటే, అది మనల్ని మనమే మోసగించుకోవడం.

ఎవరిని ఏ సాయం అడగాలి?

సాయం అనగానే డబ్బు గుర్తుకు వస్తుంది. ఒక చెల్లెమ్మ కుట్టుమిషనుతో టైలరింగు షాపు మొదలుపెట్టిందనుకుందాం. ఆమెకు డబ్బు ఇవ్వలేని అన్నయ్య, రాజమండ్రి వెళ్ళినప్పుడు దారం, లైనింగు గుడ్డ టోకు ధరకు తెచ్చి పెట్టవచ్చు. డిగ్రీ చదువుతున్న మేనకోడలు వారానికి ఒక గంట కూర్చుని జమాఖర్చులు రాయవచ్చు. పక్కింటి టీచరుగారు యూనిఫారాలు కుట్టించుకునే తల్లులకు ఆమె పేరు చెప్పవచ్చు. "నాకు సాయం చేయండి" అని అందరినీ ఒకే మాట అడిగితే ఎవరికీ ఏమి చేయాలో తోచదు. "ఈ పని చేసి పెట్టగలరా?" అని అడిగితే, చేయగలిగినవారు సంతోషంగా చేస్తారు.

స్నేహితులు చేయగల పెద్ద సాయం మరొకటి ఉంది. బేరమాడకుండా పూర్తి ధర ఇవ్వడం, వెంటనే ఇవ్వడం. కుట్టు సరిగా లేకపోతే ఆ మాట ఊరందరికీ కాక ఆమెకే మెల్లగా చెప్పడం.

సంతకం పెట్టే ముందు

అప్పు, హామీల విషయంలో సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం మన వీధిలో కూర్చుని రాసినట్లే ఉంటుంది. రాసినది మాత్రం క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో. అవసరంలో ఉన్న పొరుగువానికి అప్పు ఇమ్మని అది చెబుతుంది. పుచ్చుకునేటప్పుడు వినయంగా ఉండి, తిరిగి ఇచ్చేటప్పుడు సాకులు చెప్పేవారిని మందలిస్తుంది. హామీ ఉన్నవాని మేలు మరువరాదంటుంది. హామీలుండి చితికిపోయినవారినీ గుర్తు చేసి, శక్తి మేరకు సాయపడు, నీవు మాత్రం కూలిపోకు అని హెచ్చరిస్తుంది.

నేటి చట్టం కూడా ఈ విషయంలో కచ్చితంగానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే బాధ్యత. "ఊరికే సాక్షి సంతకంలాంటిదే బావా" అని ఎవరైనా అంటే, ఆ మాట నిజం కాదు. అతడు కట్టకపోతే మొత్తం నేను కట్టగలనా అని ప్రశ్నించుకున్నాకే కలం పట్టుకోవాలి. కట్టలేకపోతే ముందే "నా వల్ల కాదు" అని చెప్పడం మేలు.

పొరుగువారి పూచీ

1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు ప్రారంభించిన స్వయం సహాయక సంఘాల బ్యాంకు రుణాల ఏర్పాటు మన జిల్లాల స్త్రీలకు ఒక మంచి అలవాటు నేర్పాయి. పదిమంది పరిచయస్థులు కూర్చుని, పొదుపు, అప్పు అందరి ఎదుట పుస్తకంలో రాయడం ఆ అలవాటు. అక్కడ లెక్క వల్ల స్నేహం చెడలేదు, బలపడింది.

ఆ పూచీనే ఒత్తిడిగా మార్చిన కాలమూ చూశాము. ప్రైవేటు మైక్రోఫైనాన్సు సంస్థల వసూళ్ళ బాధలు భరించలేక ఆత్మహత్యలు జరిగాయన్న ఆందోళన మధ్య, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కట్టలేని పొరుగింటి స్త్రీ గుమ్మం ముందు నిలబడి అవమానించడాన్ని పూచీ అనలేము.

ఇంట్లో అలవరచుకోవలసినవి

1. అయినవారి దగ్గర తీసుకున్న డబ్బుకు ప్రోనోటు రాయండి. దానిపై దావా వేయడానికి గడువు సాధారణంగా మూడేళ్ళు. కొంత చెల్లించినప్పుడల్లా వెనుక చెల్లు వేసి సంతకం చేయండి.

2. కొట్లో పనిచేసే ఇంటివారికి నెలకు ఇంత అని రాయండి. ఇవ్వలేని నెలలో బాకీగా రాయండి.

3. బంధువుల అరువుకు ఒక హద్దు పెట్టి, అందరికీ ఒకేలా పాటించండి.

4. వ్యాపారం దెబ్బతింటుంటే డబ్బిచ్చినవారికి ముందుగా మీరే చెప్పండి. ఇతరుల నోట వింటే వారి మనసు విరుగుతుంది.

కుటుంబంలో చర్చించుకోవడానికి

మన వ్యాపారంలో ఎవరి శ్రమ ఇంతవరకు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు? మనవారి కొట్టులో మనం ఉంచిన బాకీ ఎంత? ఈ ఆదివారం భోజనాలయ్యాక ఒక కొత్త నోటుపుస్తకం తెరచి, ఈ రెండు ప్రశ్నలకు జవాబులు రాయండి. బాకీ ఉంటే సోమవారం ఉదయం వెళ్ళి ఇచ్చి రండి.