జీడి లెక్క, బీల లెక్క

పలాస జీడిపప్పు పేరు దేశమంతా తెలుసు. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లు. అక్కడ ఏ వైపు వెళ్లినా జీడి ఫ్యాక్టరీ కనబడుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు పనికి వెళ్తారు. ఆ కూలి డబ్బుతోనే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

వ్యాపారం పెరిగితే ఊరు పెరుగుతుంది. కొత్త మేడలు లేస్తాయి. దుకాణాలు వస్తాయి. లారీలు తిరుగుతాయి. పదిమందికి పని దొరుకుతుంది. దీన్నే ఆర్థికాభివృద్ధి అంటారు. అంటే సంపాదన పెరగడం అన్నమాట.

సంపాదన పెరగాలి. ఎవరూ కాదనరు. కానీ ఇంటి లెక్కల పుస్తకంలో రాబడి ఒక్కటే రాస్తే లెక్క తేలుతుందా? తేలదు. ఖర్చు కూడా రాయాలి. ఊరి లెక్కా అంతే. గాలి, నీరు, నేల, చెట్టు, వీటిలో ఏం పోయింది? పోయింది ఎవరిది? అదీ రాయాలి. ఈ పాఠం ఆ లెక్క గురించే.

పిక్క ప్రయాణం

జీడి చెట్టు మొదట మన దేశంలో లేదు. దాని పుట్టిల్లు బ్రెజిల్. అది సముద్రాలకు అవతల ఉన్న దేశం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు ఓడల మీద దీన్ని మన దేశానికి తెచ్చారు. జీడి వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. అందుకని సముద్ర తీరాల్లో నాటారు. తరవాత పప్పుకు గిరాకీ వచ్చింది. అప్పుడు అది డబ్బు చెట్టు అయింది.

ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కలిసి పెరుగుతాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల్లో ఈ తోటలే బతుకు.

ఇక్కడి పంటే ఏడాది పొడవునా ఫ్యాక్టరీలకు చాలదు. అందుకని ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడి పిక్కలు ఓడల్లో మన దేశానికి వస్తాయి. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా అలాంటి దేశాలే. అక్కడి రైతు పండించిన పిక్కను ఇక్కడి ఆడమనిషి కొడుతుంది. ఆ పప్పును ఇంకెక్కడో పెళ్లి విందులో పాయసంలో వేస్తారు. ఇదే వాణిజ్యం.

వాణిజ్యం వల్ల మేలు ఉంది. పంట లేని రోజుల్లో కూడా ఫ్యాక్టరీ నడుస్తుంది. కూలి దొరుకుతుంది. కీడు కూడా ఉంది. బయటి పిక్క చవగ్గా వస్తే ఇక్కడి రైతుకు ధర పడిపోతుంది. 2023లో ఉద్దానం జీడి రైతులు రోడ్డెక్కారు. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని అడిగారు. తోటకు ధర రాకపోతే తోటను చూసుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? తోట పోతే ఇసుకను పట్టి ఉంచేది ఏది? చూశారా! ఎక్కడో కుదిరిన ధర ఇక్కడి చెట్టు దాకా వస్తుంది.

పొగ ఎవరికి, పప్పు ఎవరికి

80 కిలోల బస్తా పిక్కల్లో పప్పు 20 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం తొక్క. ఆ తొక్కలో జీడి నూనె ఉంటుంది. అది చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది. పిక్క కొట్టేవాళ్లకు ఈ మాట చెప్పక్కరలేదు. వాళ్ల చేతులే చెబుతాయి.

పాత రోజుల్లో పిక్కలను డ్రమ్ముల్లో వేసి కాల్చేవారు. నల్లటి, ఘాటైన పొగ వచ్చేది. కళ్లు మండేవి. దగ్గు వచ్చేది. తరవాత ఆవిరితో ఉడికించే పద్ధతి వచ్చింది. పొగ తగ్గింది. కానీ ఆవిరి పుట్టాలంటే బాయిలరు కింద మంట ఉండాలి. ఆ మంటలో జీడి తొక్కే వేస్తే మళ్లీ పొగే. గొట్టం ఎత్తుగా లేకపోయినా, పొగను వడగట్టే యంత్రం లేకపోయినా ఆ పొగ ఇళ్ల మీదే పడుతుంది.

మరి తొక్కను పారెయ్యాలా? అక్కరలేదు. తొక్క నుంచి తీసిన నూనె రంగుల తయారీలోనూ, బండ్ల బ్రేకుల తయారీలోనూ పనికొస్తుంది. సరిగా చేస్తే చెత్త కూడా సరుకే. సరిగా చెయ్యాలంటే యజమాని కొంత ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు మిగుల్చుకుంటే యజమాని లాభం పెరుగుతుంది. ఆ మిగులు మాత్రం పక్కింటి పిల్ల దగ్గుగా మారుతుంది. ఈ దగ్గు ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు.

పప్పు తినేవాళ్లు ఒక చోట. పొగ పీల్చేవాళ్లు ఇంకో చోట. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు కూడా పనికొస్తుంది.

కరెంటు ఊరికే రాదు

ఫ్యాక్టరీకి కరెంటు కావాలి. పొలం మోటారుకు కావాలి. ఇంట్లో బల్బుకు, ఫ్యానుకు కావాలి. మన దేశంలో సగానికి పైగా కరెంటు బొగ్గును కాల్చి తీసిందే. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. 100 కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల దాకా బూడిద మిగులుతుంది. పొగలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది గాలిలో చేరి భూమి చుట్టూ దుప్పటిలా పరుచుకుంటుంది. అందువల్ల భూమి, సముద్రం వేడెక్కుతున్నాయి.

బొగ్గు కేంద్రానికి నీళ్లు కూడా బోలెడు కావాలి. బూడిద పోయడానికి పెద్ద చెరువంత చోటు కావాలి. కిడ్నీ జబ్బుతో ఎన్నో ఇళ్లు నలిగిపోయిన ఉద్దానంలో నీటి విలువ ఒకరు చెప్పక్కరలేదు.

బీల బీడు కాదు

సోంపేట, కవిటి, కంచిలి మండలాల నడుమ పల్లపు నేల ఉంది. దాన్ని బీల అంటారు. వాన నీరు అక్కడికి చేరి నిలుస్తుంది. చుట్టూ ఉన్న పొలాలకు ఆ నీరే ఆధారం. పశువులకు గడ్డి అక్కడే. చేపలు అక్కడే. జమ్ము, తుంగ అక్కడే. నేల కింద ఊటను నింపేదీ బీలే.

ఇంత చేసే బీలను బీడు భూమి అన్నారు. పనికిరాని నేల అన్నారు. ఒక ప్రైవేటు కంపెనీ అక్కడ బొగ్గు కరెంటు కేంద్రం కట్టాలని వచ్చింది. ప్రభుత్వం భూమి ఇచ్చింది. ఊళ్లవాళ్లు వద్దన్నారు. రైతులు, మత్స్యకారులు, కూలీలు ఒక్కటయ్యారు. దీక్షలు చేశారు. ఆడవాళ్లు ముందు వరుసలో నిలిచారు.

2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ కేంద్రం బీలలో కట్టలేదు. బీల మిగిలింది. కానీ పోయిన మనుషులు తిరిగి రాలేదు.

టెక్కలి వైపు కాకరాపల్లి దగ్గర ఇలాంటి తడి నేలనే తంపర అంటారు. అక్కడ కూడా బొగ్గు కేంద్రం పనులు మొదలయ్యాయి. ప్రజలు ఎదిరించారు. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి. అక్కడా ప్రాణాలు పోయాయి.

ఈ తడి నేలలకు మనుషులే కాదు, పక్షులు కూడా చుట్టాలే. టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరు ఉంది. ఏటా వందల కొద్దీ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలు లేచి ఎగిరేదాకా ఉంటాయి. వాటి మేత ఈ తంపరలో, నౌపడా వైపు తడి నేలల్లో దొరికే చేపలే. చేప లేకపోతే పక్షి రాదు. పక్షి రావడం లేదంటే నీటికి ఏదో అయిందని తెలుసుకోవాలి.

అత్తా, కోడలూ

బీల పక్క ఊరిలో ఒక అత్తా, కోడలూ ఇలా మాట్లాడుకున్నారనుకోండి.

"అత్తా, కంపెనీ వస్తే పన్లొస్తాయంట. మీ అబ్బాయి వలస పోనక్కర్లేదు కదా!"

"వస్తే మంచిదే. ఎన్ని పన్లమ్మా? ఎన్నేళ్లు? మనోళ్లకా, పైనోళ్లకా? అది అడిగినావా?"

"అది అడగనేదత్తా."

"బీలలో గడ్డి కోసి రెండు గేదెలు మేపుతన్నాం. ఆ గడ్డికి డబ్బు ఇస్తన్నామా? నేదు. బీల పోతే గడ్డి కొనాల. సేపలు కొనాల. నీళ్లు కూడా కొనాల. ఆ కరుసు కూడా ఏసి సూడు."

"మరి కరెంటు వద్దా అత్తా?"

"వద్దని ఎవులన్నారు? కావాల. ఏ నేల మీద కట్టాల, దేనితో తియ్యాల, అది మనల్ని అడిగి చెయ్యాల."

కోడలి ఆశ తప్పు కాదు. ఉద్దానం నుంచి ఎంతోమంది మగవాళ్లు పనికోసం దూరం పోతున్నారు. అత్త భయమూ తప్పు కాదు. ఇద్దరి మాటా కలిస్తేనే లెక్క పూర్తవుతుంది. ఎండతో, గాలితో కూడా కరెంటు తియ్యవచ్చు. వాటికీ నేల కావాలి. అందుకని అక్కడ కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే వ్యాపారం పెరుగుతుంది. వలలు వేసే చోటు ఏమవుతుంది? ఒడ్డు కోసుకుపోకుండా ఏం చేస్తారు? అక్కడా అడగవలసిందే.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడు ఏళ్లు పడుతుంది. అంటే ఒక్క రాత్రి గాలికి ఏళ్ల రాబడి పోయింది.

ఈ ఒక్క తుఫాను బొగ్గు పొగ వల్లే వచ్చిందని అనలేం. తుఫానులు పూర్వం కూడా ఉన్నాయి. కానీ సముద్రం వేడెక్కే కొద్దీ తుఫానుకు బలం పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ప్రపంచంలో ఎక్కువ బొగ్గు, ఎక్కువ పెట్రోలు కాల్చింది ధనిక దేశాలు. దెబ్బ తిన్నది ఉద్దానం రైతు. పప్పు ఒక చోట, పొగ ఇంకో చోట అన్న మాట ఇక్కడ కూడా నిజమే.

చదువు ఇక్కడ పనికొస్తుంది

పెద్ద ఫ్యాక్టరీ, కరెంటు కేంద్రం, ఓడరేవు వంటివి చాలావాటికి ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలి. దీనికి 2006లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. వాటి ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. ఆ సభ గురించి ఇవి తెలుసుకోండి.

సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఒక ప్రకటన స్థానిక భాషా పేపర్లో ఉండాలి.

ప్రాజెక్టు వల్ల ఏం జరుగుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తు ఆఫీసులో ఆ కాగితాలు చూడవచ్చు.

సభ ఆ చోటనే గాని, దగ్గరలో గాని జరగాలి. ఎవరైనా మాట్లాడవచ్చు. మాట్లాడటానికి బెరుకుగా ఉంటే రాసి ఇవ్వవచ్చు.

సభ అయ్యాక, ఎవరు ఏమన్నారో రాసుకున్నది అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. మీ మాట అందులో లేకపోతే అప్పుడే అడగండి.

బీలను బీడు అన్నది కాగితం మీద రాసిన మాట. కాగితం చదివినవాళ్లు దాన్ని తప్పు అని చూపించారు. చదవడం వచ్చిన ఆడవాళ్లు ఊరిలో పదిమంది ఉంటే, అలాంటి మాట ఇంకోసారి రాసేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

లెక్క చేయండి

60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అంతసేపే వెలిగితే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. నెలకు ఏడున్నర యూనిట్లు మిగిలాయి అనుకోండి. యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున ఎంత బొగ్గు మిగిలింది? మీ వీధిలో 40 ఇళ్లు ఇలా చేస్తే ఎంత మిగులుతుంది?

మాటలు, అర్థాలు

వాణిజ్యం: సరుకులు కొనడం, అమ్మడం.
పర్యావరణం: మన చుట్టూ ఉన్న గాలి, నీరు, నేల, చెట్లు, జీవాలు.
అనుమతి: ఒక పని చేయవచ్చు అని ఇచ్చే ఒప్పుదల.
సారాంశం: పెద్ద విషయాన్ని కుదించి చెప్పినది.

మాట్లాడుకోండి, రాయండి

1. మీ ఊరిలో డబ్బు ఇవ్వకుండా ఏమేం దొరుకుతున్నాయి? గడ్డి, కట్టెలు, చేపలు, నీళ్లు, ఇలా రాయండి. అవన్నీ కొనవలసి వస్తే నెలకు ఎంత అవుతుంది?
2. మీ ఊరికి కొత్త ఫ్యాక్టరీ వస్తుందనుకోండి. కాగితం మీద నిలువుగా గీత గియ్యండి. ఒక పక్క వచ్చేవి, ఇంకో పక్క పోయేవి రాయండి. ప్రతి దాని పక్కన 'ఎవరికి' అని రాయండి.
3. మీరు సభకు వెళ్తే అడిగే మూడు ప్రశ్నలు రాయండి. కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి.