పొరుగువాని సాక్ష్యము
పఠన భాగము: యిర్మీయా 29:4-7

చెరలోనున్న యూదులు తాము నివసించు పట్టణ క్షేమమును కోరవలెనని ప్రవక్త వ్రాసి పంపెను. మనము చెరవారము కాము, ఈ దేశ పౌరులము. మన బాధ్యత మరింత ఎక్కువ.

మతమును ప్రచారము చేసుకొను హక్కు రాజ్యాంగము 25వ అధికరణములో ఉన్నది. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో కొందరు ఆ మాటను వ్యతిరేకించిరి. హిందువులైన కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి దానిని సమర్థించిరి. సుమారు 14 ఏండ్లు క్రైస్తవ విద్యాలయములలో చదివినను, తనను మతము మార్చుటకు ఎవరును ప్రయత్నింపలేదని కృష్ణమాచారి చెప్పెను. ఆ ఉపాధ్యాయుల నడవడియే ఆనాడు మన పక్షమున మాటలాడెను.

కాబట్టి అన్యమతస్థులతో కూర్చుండి మాటలాడుట విశ్వాసమును విడుచుట కాదు. మొదట వారి మాట వినుడి. మన నిరీక్షణను గూర్చి సాత్వికముతో చెప్పుడి (1 పేతురు 3:15).

చర్చకు ప్రశ్న: మీ వీధిలోని హిందూ, ముస్లిం కుటుంబములు మన సంఘమును గూర్చి ఏమని సాక్ష్యమిచ్చును?