వార్తాప్రసార వృత్తి – విద్యార్థులు చేసికొనవలసిన సన్నాహము

ఉన్నత పాఠశాల విద్య ముగింపవచ్చిన విద్యార్థులలో కొందరు రేడియోయందును, టెలివిజనుయందును వార్తలు చెప్పు వృత్తిని కోరుచున్నారు. తమ కంఠము బాగున్నది గావున తామా పనికి తగుదుమని వారిలో పలువురు తలంతురు. మంచి కంఠము మేలే గాని, అది పరికరము మాత్రమే. విన్నదానిని సరిచూచుటయు, సరిచూచినదానిని తేటగా చెప్పుటయు ఆ వృత్తికి మూలములు. ఈ రెంటిని కళాశాలలో ప్రవేశింపక పూర్వమే, ధనవ్యయము లేకయే అభ్యసింపవచ్చును.

వినువాని స్థితి

పత్రిక చదువువాడు అర్థము కానిచో వెనుకకు మరలి మరల చదువుకొనును. రేడియో వినువానికి ఆ సదుపాయము లేదు. ఈ సంగతిని వృత్తివారు తొలినాటనే గుర్తించిరి. 1922 నవంబరు 14వ తేదీన లండనులో బి.బి.సి. తన ప్రథమ వార్తలను ప్రసారము చేసినపుడు, ఆర్థర్ బరోస్ అనునాతడు వానిని ఒకమారు వేగముగాను, ఒకమారు మెల్లగాను చదివి, ఏది అనుకూలమో తెలుపుడని శ్రోతలనే అడిగెను.

మనదేశమున 1936లో ఆలిండియా రేడియో అను పేరు ఏర్పడెను. 1938లో ఆ సంస్థకు మదరాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ఏర్పడెను. అక్షరము రాని రైతునకును, కూలికిని సహితము దేశవార్త ఇట్లు అందెను. అట్టి శ్రోత తాను విన్నదానిని వేరొక పత్రికతో పోల్చి చూచుకొనజాలడు. చెప్పినవానిని నమ్మి నడచుకొనును. చెప్పువాని బాధ్యత ఎంతటిదో దీనివలన గ్రహింపవచ్చును.

సత్యమును సరిచూచుట

చెరువుకట్ట తెగినదని ఒక బాలుడు పరుగెత్తి వచ్చి చెప్పెననుకొనుడు. ఆ మాట అసత్యమై ప్రసారమైనచో జనులు భయపడి పరుగిడి, త్రొక్కిసలాటలో గాయపడుదురు. సత్యమై ప్రసారము కానిచో ఇండ్లు మునుగును. కావున వార్తాకారుడు వెంటనే మూడు ప్రశ్నలు వేయవలయును. ఈ బాలుడు కట్టను స్వయముగా చూచెనా, ఎవరైన చెప్పగా వినెనా? చూచినవారు మరియొకరు కలరా? కట్టను కాపాడు అధికారి యేమనుచున్నాడు? జాప్యమును ప్రమాదమే గావున ఈ విచారణ శీఘ్రముగా జరుగవలయును. తెలిసినదెంతయో అంతయే చెప్పి, తెలియనిది ఇంకను తెలియలేదని చెప్పుట ఉత్తమము.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన పడి వేలకొలది జనులు మృతినొందిరి. అట్టి తీరమున తుపాను హెచ్చరిక చదువువాని నోట ఒక ఊరి పేరు తప్పినను, ఒక గంట తారుమారైనను కలుగు నష్టము దిద్దుకొనరానిది.

ఒక నిదర్శనము

అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డ్ మర్రో 1908లో బీద రైతు కుటుంబమున జన్మించెను. కలప కొట్టు శిబిరములలో కూలిపని చేసెను. వాషింగ్టన్ స్టేట్ కళాశాలలో చదివి 1930లో పట్టము పొందెను. ఆయన ప్రధానముగా అభ్యసించినది వక్తృత్వశాస్త్రము. ఆయనకు దానిని నేర్పిన ఐడా లూ ఆండర్సన్ బాల్యమున పోలియో వ్యాధిచే శరీరము వంగిపోయిన ఉపాధ్యాయురాలు. 1940లో లండనుపై బాంబులు పడుచుండగా మర్రో మేడకప్పులపై నిలిచి తాను కన్న దృశ్యములను అమెరికా శ్రోతలకు వర్ణించెను. "దిస్ ఈజ్ లండన్" అని ఆరంభించునపుడు మొదటి మాట పిదప ఒక్క క్షణము ఆగుమని ఆయనకు సలహా యిచ్చినది ఆ గురువే. శిష్యుడు ప్రసిద్ధుడైన పిదపను నేర్చుకొనుట మానలేదు.

కళాశాలలో చదువవలసినవి

ఇంటర్మీడియేటులో ఫలానా శాఖయే తీసికొనవలయునను నియమము లేదు. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి తెలిసినవానికి శాసనసభ వార్త సులభమగును. విజ్ఞానశాస్త్రము చదివినవాడు వ్యాధులను, వాతావరణమును గూర్చి తప్పు లేక చెప్పగలడు. ఏది చదివినను తెలుగు, ఆంగ్లము రెండును బాగుగా రావలయును. పట్టభద్రులైన పిదప జర్నలిజము చదువుటకు తావులు కలవు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ శాఖ 1954లో ఏర్పడెను. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ 1965లో స్థాపింపబడెను. అచట రేడియో, టెలివిజను వార్తావిద్యను ప్రత్యేకముగా బోధింతురు.

ఇప్పుడే చేయదగిన అభ్యాసములు

1. ప్రతిదినమును రేడియో వార్తలు వినుడు. పిదప జ్ఞాపకమునుండి మూడు వార్తలను వ్రాయుడు. ఏది మరచితిరో, ఏల మరచితిరో విచారింపుడు.

2. పత్రికలోని దీర్ఘవార్తను చిన్న వాక్యములుగా మార్చుడు. నేటి వార్తలు వాడుకభాషలోనే చదువబడుచున్నవి గావున మీరును అట్లే వ్రాయుడు: "వాగు పొంగింది. వంతెన మీద నీరు పారుతోంది. బస్సులు ఆగిపోయాయి. వేరే దారిలో వెళ్లమని అధికారులు చెప్పారు." దీనిని ఇంటిలో చదువురాని పెద్దలకు వినిపించి, వారిచేత తిరిగి చెప్పించుడు. వారు తడబడినచోట మీ వాక్యమును దిద్దుకొనుడు.

3. దినమునకు పది నిమిషములు గట్టిగా చదువుడు. శ, ష, స లను, ల, ళ లను, ఒత్తులను స్పష్టముగా పలుకుడు. పరదేశపు పేరు వచ్చినచో ఉపాధ్యాయునడిగి తెలిసికొనుడు.

4. వారమునకొకమారు మీ ఊరి సంగతి నొకదానిని ఎన్నుకొని, దాని నెరిగిన ఇరువురిని వేర్వేరుగా అడుగుడు. వారి మాటలు భేదించినచోట మూడవవానిని అడుగుడు.

ఈ నాల్గింటిని ఒక సంవత్సరము విడువక చేసిన విద్యార్థి, తనకీ వృత్తి తగునో లేదో ఇతరులు చెప్పకయే గ్రహించును. తగదని తేలినను, విని, సరిచూచి, తేటగా చెప్పు అలవాటు ఏ వృత్తియందైనను వానికి అక్కరకు వచ్చును.