‘మీరేమోళ్లు?’ అని అడిగి ఇల్లు లేదంటే...

ప్రశ్న: మాది అలంపూర్ దగ్గర పల్లె. ఎస్సీ కుటుంబం. గద్వాలలో ఉద్యోగమొచ్చింది. టూలెట్ బోర్డు చూసి ఇల్లు మాట్లాడుకున్నాం, అడ్వాన్సు ఫోన్‌పేలో పంపాం. తర్వాత ‘మీరేమోళ్లు?’ అని అడిగారు. చెప్పగానే ‘మీకివ్వం’ అని డబ్బు తిప్పి పంపారు. ‘ఇల్లు వాళ్లది, వాళ్లిష్టం’ అంటున్నారంతా. నిజమేనా?

జవాబు: సగమే నిజం. కిరాయి చాలదనో, ఇంట్లో తామే ఉంటామనో యజమాని కాదనవచ్చు. అంటరానితనంతో కాదంటే మాత్రం అది నేరం. ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అంటరానితనం పేరిట అడ్డుపడితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 కింద నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా ఉన్నాయి. శిక్ష చిన్నదే, కానీ సెక్షన్ 12 బలమైనది. బాధితులు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనంతోనే చేశారని కోర్టు మొదట అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటివారే.

నలుగురిలో కులం పేరుతో దూషించినా, ఉంటున్న ఇంటి నుంచో ఊరి నుంచో వెళ్లగొట్టినా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. కిరాయికి ఇవ్వలేదన్న ఒక్క కారణంతోనే ఈ చట్టం కింద కేసు నిలుస్తుందని మాత్రం ఆశపడకండి.

ఇల్లు వదిలిపోయేలా చేయడాన్ని ఆ చట్టం నేరమన్నదంటే, దాని వెనుక ఎన్నో ఊళ్ల కన్నీళ్లున్నాయి. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల చేరి, తిరిగి ఆ ఊరు వెళ్లబోమని అక్కడే స్థిరపడ్డారు. అప్పటికి హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి బాధితుల వైపు నిలిచారు. కోనసీమలో పుట్టి, నిజామాబాద్‌లో వకాలత్ చేసిన మనిషి. దళిత మహాసభ నాయకుల్లో ఒకరై, 2016లో కన్నుమూసే దాకా దళితుల కేసులే తన పనిగా పెట్టుకున్నారు. మామూలు మనుషులకు చట్టం తెలియాలని ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న పుస్తకమూ రాశారు.

ఇక మీ పని. తేదీ, సమయం, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు ఈ రోజే రాసిపెట్టుకోండి. అడ్వాన్సు పంపిన, తిరిగొచ్చిన వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరపకండి, ఆ ఫోన్ కూడా మార్చకండి. వాటిని కోర్టులో చూపాలంటే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి. కుల ధ్రువీకరణ పత్రం జతచేసి ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అసలు తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

రెండు సంగతులు ముందే తెలుసుకోండి. ఈ కేసు గెలిచినా ఆ ఇల్లు మీకు దక్కదు. తప్పు చేసినవాళ్లకు శిక్ష పడుతుంది, అంతే. కాబట్టి ఇంకో ఇల్లు వెతకడం ఆపకండి. రెండోది, ముస్లింలమనో, క్రైస్తవులమనో ఇల్లివ్వకపోతే ఈ రెండు చట్టాలూ అక్కరకు రావు. మత వివక్షను నిషేధించే రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావుల ప్రస్తావన ఉంది గానీ కిరాయి ఇళ్లది లేదు. ఆ లోటు శాసనసభలే తీర్చాలి.

ఫీజుకో, దూరానికో భయపడి ఆగిపోకండి. 2022లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో జిల్లా కోర్టులు వచ్చాయి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. న్యాయ సహాయానికి 15100, అత్యాచారాలపై ఫిర్యాదుకు 14566 నంబర్లకు ఫోన్ చేయండి.