నడుము నొప్పియు రైతు పనియు

మిరప కోతల కాలమున పెనుగొలను పొలములకు బోయినప్పుడెల్ల మేమొక సంగతి గమనించుచున్నాము. కోత కోయు స్త్రీలు గట్టు మీదికి వచ్చి నిలువబోవునప్పుడు రెండు చేతులును నడుమునకాన్చి, కొంతసేపు వంగియే యుండి, పిదప మెల్లగా లేతురు. అడిగినచో "నొప్పి లేకుండ పని యెట్లగునండీ" యని నవ్వుదురు. ఎద్దు మెడ పుండైనచో నాలుగు దినములు కాడి కట్టము. మన నడుమునకు ఆపాటి విచారణయైనను లేదు.

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలు గలవు. వానిపై బరువు పడు తీరు తెలియుటకు మన పెద్దల యేతమును తలచుకొనుడు. బాన కట్టిన కొన దూరమైన కొలది రెండవ కొనను ఎక్కువ బలముతో అణపవలెను. అటులనే చేతిలోని బరువు దేహమునకు దూరమైన కొలది నడుము కండరములు పలురెట్లు లాగవలసి వచ్చును. ఆ లాగుడంతయు బిళ్లలపై బడును. నాకెమ్‌సన్ అను స్వీడను దేశపు వైద్యుడు 1960 తరువాతి సంవత్సరములలో బిళ్లలలోని ఒత్తిడిని సూదితో కొలిచి, నిలుచున్నప్పటి కంటె వంగి బరువెత్తునప్పుడు అది మిక్కిలి హెచ్చునని చూపెను.

యూరియా బస్తా 2018లో 50 కిలోల నుండి 45 కిలోలకు దిగినది. అయినను ఒక్కడు వంగి లాగుటకు అదియు తక్కువ కాదు. బస్తాకు దగ్గరగా నిలిచి, మోకాళ్లు వంచి, రొమ్మునకు హత్తుకొని లేవవలెను. నడుము మెలిత్రిప్పక పాదములతో తిరుగవలెను. ఇట్లు చేసినంత మాత్రమున నొప్పి రానేరాదని మేము పూచీపడజాలము. ఇద్దరు పట్టుటయే అంతకంటె మేలు. కలుపు తీయుటకు పొడుగు పిడి గల దంతి మేలు.

ఇక వైద్యము మాట. ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తన్నించుకొను వాడుక మన గ్రామములలో నేటికిని పోలేదు. దానిని మానుడని మా ప్రార్థన. పటకా కట్టుటయు మేలు చేయదు. మేము స్వయముగా నాలుగు మాసములు పటకా బిగించుకొని తిరిగి, విప్పిన దినముననే మరల మంచము పట్టితిమి! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిని గూర్చి వెలువరించిన సూచనలలో పటకాలు, నడుమును లాగు యంత్రములు వలదనియు, వ్యాయామమును, రోగికి తన నొప్పిని గూర్చి తెలియజెప్పుటయు కావలెననియు పేర్కొనెను. 2020లో లోకమున 61 కోట్ల 90 లక్షల మందికి ఈ బాధ యుండెనని ఆ సంస్థ యంచనా.

నొప్పి బిళ్లలను గూర్చి గట్టిగా చెప్పవలసి యున్నది. మన పొరుగున ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి యెందరిని పీడించుచున్నదో అందరెఱుగుదురు. దానికి ఇదియే కారణమని మేమనుట లేదు. కాని నొప్పి బిళ్లలను వైద్యుని యడుగక దినదినము మ్రింగుట, అందును ఎండలో నీరు త్రాగక పని చేయువారు మ్రింగుట, మూత్రపిండములకు హాని.

క్రొత్తగా పట్టిన నొప్పి చాలమందికి కొద్ది వారములలో తగ్గును. ఒకటి రెండు దినములకు మించి పడుకొనుట తగదు. వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచి తుంటిని మెల్లగా పైకెత్తి దింపుట, బోర్లపరుండి మోచేతులపై రొమ్ము నెత్తుట మొదలగునవి ఫిజియోథెరపీ నిపుణులు నేర్పుదురు. ఎవరికేది తగునో చూచి చెప్పుట వారి పని. "మేము దినమంతయు నడచుచునే యున్నాము గదా" యని రైతులడుగుదురు. వంగి చేయు పని వేరు, నిటారుగా నిర్ణీత కాలము నడచుట వేరు. ఆస్ట్రేలియాలో నిపుణుల సలహాతో క్రమముగా నడక పెంచినవారికి నొప్పి మరల వచ్చుటకు నడిమి లెక్కన 208 దినములు పట్టగా, అట్లు చేయనివారికి 112 దినములే పట్టెనని 2024లో ప్రకటించిరి. వారు మనవలె నాట్లు వేయువారు కారు. అయినను నడకకు ఖర్చు లేదు గదా.

కాలు పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, మూత్రము బంధించినను ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి బోవలెను. జ్వరముతోను, చిక్కిపోవుటతోను కూడిన వెన్నునొప్పి క్షయ కావచ్చును. దానికి వ్యాయామము మందు కాదు.

ఈ సేవ గ్రామమునకెట్లు వచ్చును? వృద్ధుల ఆరోగ్యమునకై 2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున సామాజిక ఆరోగ్య కేంద్రములందు ఇట్టి చికిత్స యుండవలెనని యేర్పాటు గలదు. కనుక అడుగుటకు మనకు హక్కున్నది. తిరువూరునకు బోయి వచ్చుటకు కూలి పోవునని మానుకొనువారే యెక్కువ. అందుచే నెలకొక దినము బి.పి.టి. పట్టము గల నిపుణుని సంఘము గిడ్డంగి వసారాకు రప్పింపవలెనని మా యభిప్రాయము. ఏబదిమంది పేర్లు చేరినచో ఆరోగ్యశాఖ వారికి అర్జీ పెట్టవచ్చును. నొప్పి గల సభ్యులు, ముఖ్యముగా కూలికి బోవు స్త్రీలు, తమ పేరును, నొప్పి యెన్ని మాసముల నుండి యున్నదియు సంఘ గుమాస్తాకు వ్రాయించుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఆ పట్టీని మేమే చదివెదము.